ఏ సీటూ సంబరంగా అనిపించనప్పుడు కాలేజీని ఎలా ఎంచుకున్నాను

నేను అన్నిటికంటే ఇష్టపడి దరఖాస్తు చేసిన కాలేజీ నన్ను తిరస్కరించింది. ఇంకొకటి వెయిటింగ్ లిస్టులో పెట్టింది. మిగిలిన నాలుగు కాలేజీలు సీటు ఇస్తున్నట్టు ఉత్తరాలు పంపినప్పుడు ఇంట్లోవాళ్లు సంతోషించారు గాని, నాకు మాత్రం ఫీజు రసీదు చేతికి వచ్చినంత మామూలుగా అనిపించింది. అసలు సీటే దొరకనివాళ్లు ఎందరో ఉండగా నాలుగు సీట్లు దగ్గర పెట్టుకొని ముఖం మాడ్చుకుంటే ఎవరైనా ఏమనుకుంటారన్న సంకోచం వల్ల, ఈ మాట కొన్నాళ్లపాటు ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు గనుక, ముందుగా ఒక్కో కాలేజీలో నాకు నచ్చనిదేమిటో విడివిడిగా కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. మూడో కాలేజీకి వచ్చేసరికి కారణం స్పష్టంగా దొరికింది: నేను చదవాలనుకున్న భూగర్భశాస్త్రానికి అక్కడ సొంత విభాగమంటూ లేదు, రాళ్లను కోసి పరీక్షించే ల్యాబ్ కూడా లేదు. దాన్ని ఆ పూటే జాబితాలోంచి కొట్టేశాను. మిగిలిన మూడింటి విషయంలో మాత్రం ఎంత ఆలోచించినా, అవి నేను కోరుకున్న కాలేజీ కావు అన్న ఒక్క ఫిర్యాదు తప్ప ఇంకేమీ కాగితం మీదికి రాలేదు. నా నిరుత్సాహంలో కొంత ఆ కాలేజీల గురించిన సమాచారమనీ, చాలా భాగం చేజారిన దాని గురించిన దిగులనీ అప్పుడు తేటపడింది. దిగులు దానంతటది తగ్గాలి తప్ప, దాన్ని చూసి సీటు ఎంచుకోవడం కుదరదు.

పేరు ప్రతిష్ఠల విషయంలో నా భయం కాస్త తగ్గడానికి ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధన ఉపయోగపడింది. 1976లో అమెరికాలో కాలేజీలో చేరిన విద్యార్థులలో, ఒకే స్థాయి కాలేజీల నుంచి ప్రవేశమో తిరస్కారమో పొందినవాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రవేశం మరింత కష్టమైన కాలేజీలో చేరినవాళ్లకూ చేరనివాళ్లకూ తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా వాళ్లకు కనిపించలేదు. తక్కువ ఆదాయపు కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం అలాంటి కాలేజీ వల్ల మేలు జరిగిందని కూడా వాళ్లే రాశారు. ఒక దేశపు ఒక తరం లెక్కను నా విషయంలో తీర్పుగా తీసుకోలేదు గాని, ర్యాంకింగులో రెండు మెట్లు కింద ఉన్న కాలేజీలో చేరితే బతుకు చెడిపోతుందన్న ఊహకు పునాది లేదని మాత్రం నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత డబ్బు లెక్క. “పేరు సంగతి తర్వాత చూద్దాం గాని, ముందు నాలుగేళ్లకూ కలిపి ఎంతవుతుందో రాయి” అన్నారు నాన్న. రాయడానికి కూర్చుంటే గాని ఆ ఉత్తరాలలోని మెలికలు బయటపడలేదు. ఒక కాలేజీ ఘనంగా ప్రకటించిన ఆర్థిక సహాయంలో సగానికి పైగా తిరిగి కట్టవలసిన రుణమే. దాన్ని కూడా స్కాలర్‌షిప్ పక్కనే చేర్చి, మొత్తం కూడి, లావు అక్షరాలతో చూపించారు. ఇంకొకరి స్కాలర్‌షిప్ నిజమైనదే గాని మార్కులు ఒక స్థాయికి తగ్గితే ఆగిపోతుంది, ఆ స్థాయి కూడా తక్కువదేమీ కాదు. ట్యూషన్ ఫీజు మాటే తప్ప హాస్టల్, పుస్తకాలు, ప్రయాణం, క్షేత్ర పర్యటనల ఖర్చు ఏ ఉత్తరంలోనూ పూర్తిగా లేదు. రుణాన్ని సహాయంలోంచి తీసేసి, స్కాలర్‌షిప్ రెండో ఏడు నుంచి రాకపోతే ఎంతవుతుందో మరో వరుసలో రాసి చూసేసరికి, మొదట చౌకగా కనిపించిన కాలేజీ అన్నిటికంటే ఖరీదైనదిగా తేలింది. అమ్మ ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చూసి, దాని పేరు మళ్లీ ఎత్తలేదు.

ఇక రెండు మిగిలాయి. ఖర్చులో దాదాపు సమానం, బ్రోషర్లు చూస్తే కవల పిల్లలు. పచ్చిక మీద కూర్చుని నవ్వుతున్న విద్యార్థుల ఫొటోలు రెండింటిలోనూ ఉన్నాయి, ఆ ఫొటోల వల్ల నాకు తెలిసింది ఏమీ లేదు. పనికొచ్చింది ఎవరూ అంతగా చూడని మరో కాగితం, టైమ్‌టేబుల్. కోర్సుల పట్టికలో ఏళ్ల తరబడి పేరుకుపోయిన కోర్సులన్నీ ఉంటాయి. ఈ సెమిస్టరులో నిజంగా ఎవరు, ఏ రోజు, ఎంతమందికి చెబుతున్నారో టైమ్‌టేబుల్‌లో ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టుకొని గీతలు కొట్టుకుంటూ పోతే, మొదటి కాలేజీ పట్టికలో నాకు ఆశ పుట్టించిన పై స్థాయి కోర్సులలో చాలావాటికి గత రెండేళ్ల టైమ్‌టేబుళ్లలో చోటే లేదు. రెండో కాలేజీ పట్టిక చిన్నదే గాని, అందులో ఉన్నవి దాదాపు అన్నీ ఏటా కాకపోతే ఏడు విడిచి ఏడు నడుస్తున్నాయి. ఇదే సంగతి రెండు విభాగాలకూ ఉత్తరం రాసి అడిగితే, ఒకరు ప్రవేశాల కార్యాలయాన్ని సంప్రదించమన్నారు. రెండో విభాగంలో ఒక అధ్యాపకురాలు ఏ కోర్సు ఎప్పుడు వస్తుందో, ఏది అధ్యాపకుల కొరత వల్ల ఆగిందో దాచకుండా రాసి, కావాలంటే వచ్చి ఒక ల్యాబ్‌లో కూర్చోమన్నారు.

వెళ్లి కూర్చున్నాను. ప్రవేశాల కార్యాలయం ఏర్పాటు చేసే పర్యటన రోజున కాకుండా మామూలు పని దినాన వెళ్లడం మంచిదయింది. రెండో సంవత్సరం విద్యార్థులకు ఆ పూట రాతి పలుచని ఛేదాలను చూసే పని ఉంది. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజుపలకకు అతికిస్తే, అంత పలుచనైన చాలా ఖనిజాల గుండా కాంతి దూసుకుపోతుంది; సూక్ష్మదర్శినిలో కాంతిని ఒకే దిశలో కంపించేలా వడగట్టే రెండు పోలరైజర్లను ఒకదానికొకటి అడ్డంగా ఉంచి పలకను తిప్పుతుంటే ఒక్కో ఖనిజం ఒక్కో తీరుగా వెలుగుతూ ఆరుతుంది. నా పక్కనున్న అబ్బాయి బూడిదరంగు రేణువునొకదాన్ని క్వార్ట్జ్ అన్నాడు; ప్లేజియోక్లేజ్ అనే మరో ఖనిజం కూడా అలాగే బూడిదరంగులో కనిపిస్తుంది. అధ్యాపకురాలు ఔననీ కాదనీ అనకుండా, “చారలు కనిపిస్తే ప్లేజియోక్లేజ్ అంటావు, సరే, కనిపించకపోతే క్వార్ట్జే అయి తీరాలా? ఇంకేం చూస్తావు?” అని అడిగి, అతను పగుళ్ల తీరు చూసి, అంచుల మసక చూసి, తన జవాబు తానే మార్చుకునేదాకా అక్కడే నిలబడ్డారు. గది పాతది, రెండు సూక్ష్మదర్శినులకు దీపం సరిగా వెలగడం లేదు. అక్కడ కూడా నాకు ఉత్సాహం పొంగుకొచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. అయితే ఆ బల్ల దగ్గర తర్వాతి రేణువు చూడాలన్న కుతూహలం పుట్టింది, నాకు అంతకు మించి అక్కర్లేదు.

అభిప్రాయ సేకరణలు జరిపే గాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 2014లో అమెరికాలో 30,000 మందికి పైగా పట్టభద్రులను ప్రశ్నించినప్పుడు, ఆ తర్వాతి ఉద్యోగ జీవితంలోని తృప్తికి ఎలాంటి కాలేజీలో చదివారన్న దానికంటే, తమను పట్టించుకున్న అధ్యాపకులు, ప్రోత్సహించిన మార్గదర్శి ఉన్నారా లేదా అన్నదానితోనే ఎక్కువ సంబంధం కనిపించింది. ఇది ఎవరికి వారు చెప్పుకున్న జవాబుల మీద ఆధారపడిన సర్వేయే, కార్యకారణ సంబంధం నిరూపించదు. ఆ ల్యాబ్ చూసి వచ్చిన తర్వాత చదవడం వల్ల నాకు అది మరింత నమ్మదగినదిగా తోచి ఉండవచ్చు కూడా.

వెయిటింగ్ లిస్టు ఒక్కటి మిగిలింది. అందులో పేరు ఉంచుకోవడానికి ఖర్చేమీ లేదు, పైగా అవకాశం చేతిలో ఉంటే మంచిదే కదా అన్నారు స్నేహితులు. మనస్తత్వవేత్తలు డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్లు తాము తీసిన రెండు చిత్రాలలో ఒకటి ఉంచుకోవాలి. తర్వాత మార్చుకోవచ్చని విన్నవాళ్ల కంటే, ఇక మార్చుకోవడం కుదరదని విన్నవాళ్లకే తమ చిత్రం ఎక్కువ నచ్చింది. అయినా ముందుగా అడిగితే చాలామంది మార్చుకునే వీలే కావాలన్నారట. నేను కూడా అడిగితే అదే అనేదాన్నేమో గాని, వెయిటింగ్ లిస్టులోని కాలేజీ ఎంతమందిని పిలుస్తుందో, సహాయం ఏమైనా మిగులుతుందో ఎవరూ చెప్పలేని స్థితిలో, వేసవి అంతా ఫోను వంక చూస్తూ గడపడం నాకు ఇష్టం లేకపోయింది. గడువుకు ముందే రెండో కాలేజీకి డిపాజిట్ కట్టి, వెయిటింగ్ లిస్టు నుంచి పేరు తీయించుకొని, మిగతా మూడు కాలేజీలకూ రావడం లేదని రాశాను. ఆ చివరి ఉత్తరాలు చాలామంది రాయరు. రాస్తే ఆ సీటు కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో ఒకరికి కబురు ముందుగా అందుతుంది.

ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నాను. గ్రంథాలయం తొందరగా మూసేస్తారన్న ఫిర్యాదు నాకూ ఉంది, ఆ రెండు దీపాలలో ఒకటి ఇంకా బాగుపడలేదు. అగ్నిశిలల మీద నాకు కావలసిన కోర్సు ఏడు విడిచి ఏడు వస్తుంది గనుక, వచ్చే ఏడాది దాన్ని వదులుకోకుండా మిగతావి సర్దుకునేలా సెమిస్టర్ల ప్రణాళిక ఇప్పుడే వేసి, అధ్యాపకురాలి సంతకం కోసం పంపాను.