రిపోర్టులో 'క్లోజ్డ్' అని పడింది

ఈ రోజు పొద్దున సిబిల్ రిపోర్టు, అంటే మన అప్పులు, కిస్తీల చరిత్ర చూపించే రిపోర్టు తెరిస్తే, ఆ లోను పక్కన 'క్లోజ్డ్' అని కనిపించింది. పాలకొల్లు పక్కన మా రొయ్యల చెరువు వైట్ స్పాట్ రోగం వచ్చి దెబ్బతిన్న ఏడాది తీసుకున్న పర్సనల్ లోను అది. కిస్తీలు ఆగాక రికవరీ వాళ్లు రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్ చేసేవారు. మా బావమరిదికీ చేశారు. ఫోన్ మోగితే చాలు, అమ్మ ఉలిక్కిపడేది. అది మాత్రం మర్చిపోలేను.

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ సంగతి తెలిశాక తేదీలు, టైములు రాసి ఫిర్యాదు ఇచ్చాను. ఆ తర్వాతే ఫోన్లు ఆగాయి.

సగం కట్టి సెటిల్ చేసుకోమన్నారు. ఆశ పుట్టింది, నిజమే. కానీ అలా చేస్తే రిపోర్టులో 'సెటిల్డ్' అని, అంటే మొత్తం కట్టలేదని మచ్చ పడుతుంది. రెండు పంటల ధాన్యం డబ్బు పెట్టి మొత్తం కట్టేశాం, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ కాగితం తీసుకున్నాం. అయినా రిపోర్టులో బాకీ అలాగే ఉంది! అది తప్పు, దిద్దమని సిబిల్‌కి డిస్ప్యూట్ పెట్టాను. 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం.

స్కోరు ఇంకా 648 దగ్గరే ఉంది. పర్లేదు, టైము పడుతుంది.

సాయంత్రం అమ్మకి ఆ ఒక్క ముక్క చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.