చెప్పి అచ్చేయడం వేరు, అడిగి అచ్చేయడం వేరు

రాజులు పత్రికల నోరు నొక్కారంటే మన తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది నిజామే. సభ పెట్టుకోవాలన్నా ముందుగా సర్కారు అనుమతి కావాలన్న 1929 నాటి గస్తీ నిషాన్ 53 పేరు చాలామంది విన్నారు. అంతకు ఇరవయ్యేళ్ల ముందే బెంగళూరులో పత్రిక పెట్టడానికి అలాంటి అనుమతే కావాల్సి వచ్చిందని మాత్రం, రోజూ చిక్‌పేటలో తిరిగే మనవాళ్లకే తెలియదు. అది 1908 మైసూరు పత్రికల రెగ్యులేషన్. రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను వి.పి. మాధవరావు.

ఈ చట్టం అర్థం కావాలంటే ముందు మద్రాసు పద్ధతి చూడాలి. బ్రిటిష్ ఇండియాలో 1867 చట్టం ప్రకారం ప్రింటరూ పబ్లిషరూ మేజిస్ట్రేటు ముందుకెళ్లి డిక్లరేషన్ ఇవ్వాలి. ఫలానా చోట, ఫలానా పత్రిక నేను అచ్చేస్తున్నానని సంతకం పెట్టాలి. కాగితం మీద ప్రింటరు పేరు, ప్రెస్సు ఉన్న ఊరు కనపడాలి. ఇదంతా సర్కారుకి చెప్పడమే. రేపు రాతలో తప్పుందనుకుంటే సర్కారు కోర్టుకెళ్లి నిరూపించుకోవాలి.

మైసూరు చట్టంలో చెప్పడం కాస్తా అడగడమైంది. సర్కారు అనుమతి లేనిదే పత్రిక నడపకూడదు. ఇచ్చిన అనుమతిని సర్కారే వెనక్కి తీసుకోవచ్చు. ఫలానా వాక్యం రాజద్రోహమని జడ్జి ముందు వాదించాల్సిన పని దానికి లేదు. ఈ తేడా చిన్నదనుకుంటే మొత్తం కథే జారిపోతుంది. కేసు నడిస్తే ఆ వాక్యం రికార్డులో మిగులుతుంది, సంపాదకుడి జవాబూ మిగులుతుంది. అనుమతి ఆగిపోతే ఏమీ మిగలదు. రాజద్రోహం కేసులు లెక్కబెట్టి, మైసూరులో తక్కువ కాబట్టి అక్కడ పత్రికలు స్వేచ్ఛగా ఉండేవని తేల్చేవాళ్లు పొరబడేది ఇక్కడే. 1881లోనే ప్రజా ప్రతినిధి సభ పెట్టిన సంస్థానమన్న మంచి పేరు కూడా ఆ పొరపాటుకి తోడవుతుంది. తాతయ్యగా పేరుపొందిన ఎం. వెంకటకృష్ణయ్య ఈ చట్టానికి నిరసనగా తన పత్రికల్ని తానే ఆపేశారు. నిషేధాల జాబితా వెతికితే అలాంటి మూతలు కనపడవు.

దివాను చేయి ఆనని దండు ప్రాంతంలోకి, అంటే కంటోన్మెంటులోకి, ప్రెస్సు మార్చుకుంటే సరిపోయేది కదా అనిపిస్తుంది. సరిపోయేది కాదు. సంస్థానాల్లో బ్రిటిష్ పాలన కింద ఉన్న ఇలాంటి ప్రాంతాలకి 1891లోనే ఒక ఉత్తర్వు వచ్చింది. వార్తలు గానీ వార్తల మీద వ్యాఖ్యలు గానీ ఉన్న పత్రికని పొలిటికల్ ఏజెంటు, అంటే సంస్థానంలో బ్రిటిష్ సర్కారు ప్రతినిధి, రాతపూర్వక అనుమతి లేకుండా ఎడిట్ చేయకూడదు, ప్రింట్ చేయకూడదు, పబ్లిష్ చేయకూడదు. ఆ మూడు క్రియల్లో మొదటిదాన్ని గమనించండి. 1867 డిక్లరేషన్‌లో సంపాదకుడి ఊసే లేదు. కాగితం మీద అతని పేరు వేయాలన్న నియమం 1922 దాకా రాలేదు. ఈ ఉత్తర్వు మాత్రం నేరుగా అతన్నే పట్టుకుంది. మాట వినకపోతే ఏడు రోజుల్లో ఊరు విడిచి పొమ్మనే అధికారం ఏజెంటుకి ఉంది. మైసూరు కింద ఉన్న పాత ఊరు పేటకీ, బ్రిటిష్ వాళ్ల దండుకీ ఏలికలు వేరైనా పత్రికవాడు రెండుచోట్లా అర్జీ పట్టుకోవాల్సిందే.

మిగిలింది మద్రాసు. 1910 ప్రెస్ చట్టం అక్కడా తలుపు మూసింది. చక్రవర్తి మీదే కాదు, ఆయన నీడలో ఉన్న ఏ సంస్థానాధీశుడి మీద ద్వేషం పుట్టించే రాతకైనా అది వర్తిస్తుంది. కొత్త ప్రెస్సు 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. అది జప్తయితే మళ్లీ 1,000 నుంచి 10,000 దాకా. మద్రాసులో అనీబిసెంట్ పత్రిక న్యూ ఇండియా 1916లో కట్టిన 2,000 పోగొట్టుకుని, పై అంచు 10,000 కట్టాల్సి వచ్చింది. అంత డబ్బు చిన్న తెలుగు పత్రిక ఎక్కడ తెస్తుంది? జప్తు దాకా పోనక్కర్లేదు, ఆ భయమే సంపాదకుడి చేత కొట్టివేతలు చేయిస్తుంది. 1922లో ఆ చట్టం రద్దయింది. రాజులకి మళ్లీ రక్షణ కావాలంటూ అదే ఏడాది సెప్టెంబరులో బిల్లు తెస్తే, ప్రవేశపెట్టడానికే శాసనసభ ఒప్పుకోలేదు. వైస్రాయ్ రీడింగ్ తన ప్రత్యేక అధికారంతో దాన్ని చట్టం చేశాడు. శిక్ష ఐదేళ్ల దాకా.

ఈ కాలం మీద పనిచేయాలనుకుంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్టులతో మొదలుపెట్టండి. సర్కారు అనువాదకులు తెలుగు, తమిళ, కన్నడ పత్రికల్లోంచి ఏరి ఇంగ్లీషులో రాసిన సారాంశాలవి. మూలం పోయిన పత్రికలకి చాలాసార్లు అవే దిక్కు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఆ ఇంగ్లీషుని మనం తిరిగి తెలుగు చేసి, సంపాదకుడి మాటగా కొటేషన్ గుర్తుల్లో పెట్టకూడదు. సర్కారుకి ఏది గుచ్చుకుందో ఆ సారాంశం చెబుతుంది, సంపాదకుడు వాడిన మాట చెప్పదు. పత్రిక పేరు, ఊరు, తేదీ రాసుకోండి, కింద "సారాంశం నుంచి" అని రాయండి, ఆ తర్వాత అసలు సంచిక కోసం పాత గ్రంథాలయాలు వెతకండి.