భీమిలి నుంచి తిరుగు ప్రయాణం కోసం

సైకిల్ మీద భీమిలి వెళ్దామనుకునేవాళ్లు ముందు దూరం అడుగుతారు. విశాఖ ఆర్కే బీచ్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, కొత్తవాళ్లయినా నెమ్మదిగా తొక్కుకుంటూ వెళ్లిపోవచ్చు. నన్నడిగితే దూరం కన్నా ఏ నెలలో వెళ్తున్నామన్నదే ముఖ్యం. డిసెంబరు, జనవరిలోనే వెళ్లండి.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది, రోడ్డూ దాన్నే పట్టుకుని పోతుంది. ఎండాకాలంలో నైరుతి గాలి వీపు మీద చెయ్యేసి భీమిలి దాకా తోసేస్తుంది, సరదాగానే ఉంటుంది, కానీ నడినెత్తిన ఎండతో వెనక్కి తిరిగాక అదే గాలి ముఖానికి కొడుతుంటే ఋషికొండ ఎంతకీ రాదు. చలికాలంలో అంతా తిరగబడుతుంది, ఓపిక ఉన్నప్పుడు ఎదురుగాలి, అలిసిపోయాక తోడుగాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. కోర్సికా, సార్డీనియా లాంటి మధ్యధరా దీవుల్లో బళ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి కాబట్టి, గడియారం ముల్లుకి ఎదురు దిశలో చుట్టొస్తే దారంతా సముద్రం మన పక్కనే ఉంటుంది. మనది ఎడమవైపు నడక. భీమిలికి పోయేటప్పుడు సముద్రం రోడ్డుకి అవతల, తిరిగొచ్చేటప్పుడు మన భుజం పక్కన. అందుకే ఈ దారి అసలు అందం తిరుగు ప్రయాణంలోనే ఉందంటాను.

మొన్న తమ్ముడూ నేనూ చీకటితోనే బయల్దేరాం. ఆర్కే బీచ్‌లో పొద్దున కాసేపు బళ్లు ఆపేస్తారు కాబట్టి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా రోడ్డంతా నడిచేవాళ్లదీ మనదీ. తెన్నేటి పార్కు దగ్గర చిన్న ఎక్కుడు, కైలాసగిరి కొండ సముద్రం మీదకి వచ్చినట్టుండే చోట. ఋషికొండలో ఆగలేదు.

మంగమారిపేటలో మాత్రం చాలాసేపు ఉండిపోయాం. తీరానికి లాగిన పడవ పక్కన ఒక పెద్దాయన వలలోంచి కానాగంత చేపల్ని విడదీస్తున్నాడు, మొప్పల దగ్గర బిగుసుకున్న దారాన్ని గోటితో పైకెత్తి, చేపని తోక వైపు నుంచి లాగకుండా తల ముందుకి తోసి తీస్తాడు, వల ఒక్క పోగు కూడా తెగదు. ‘గాలి ఇలాగే ఉంటుందా తాతా?’ అని మా తమ్ముడు అడిగితే, తలెత్తకుండానే, ‘ఎండెక్కితే ఇంకా పెరుగుద్ది బాబూ, బేగెల్లిపోండి’ అన్నాడు.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో బయటపడిన ఇసుకని గాలి మోసుకొచ్చి పోస్తే, అందులోని ఇనుము వేల ఏళ్లు తుప్పు పట్టి ఆ రంగొచ్చింది. వానలు దాన్ని కోసి గెడ్డలు, అంటే లోతైన వాన కాలవలు, చేశాయి. గోడ మీద వేలితో రాస్తే పొడిగా రాలిపోతుంది, అంత మెత్తన. దయచేసి సైకిళ్లు లోపలికి దింపకండి, రోడ్డు పక్కన తాళం వేసి నడిచి వెళ్లండి. టైరు పడ్డ గాడిలోకి తర్వాతి వాన దిగుతుంది, ఆ గాడి కాలవవుతుంది, పోయిన దిబ్బని మళ్లీ పోసేవాళ్లెవరూ లేరు. ఫొటోల కోసం అక్కడ బైకులు తిప్పేవాళ్లని చూస్తే కడుపు మండిపోతుంది.

భీమిలిలో ఇడ్లీ తిని, డచ్చివాళ్ల సమాధులు చూసి, గోస్తని సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చున్నాం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పటికీ వీధుల్లో హడావుడి తక్కువే.

తిరుగు ప్రయాణంలో గాలి నిజంగానే తోసింది. ఎడమపక్క అలల తుంపర చేతికి తగిలేంత దగ్గర. ఇబ్బందల్లా ఋషికొండ దగ్గరే, సముద్రం వైపు అంచునంతా కార్లు ఆపి చూసుకోకుండా డోర్లు తీస్తుంటారు, మనం పోయేదీ ఆ అంచునే. అక్కడ మూడడుగులు కుడికి జరిగి తొక్కండి, వీలైతే ఆదివారం కాకుండా శనివారం పెట్టుకోండి.