పాదరసం ఆవిరి పట్టిన జ్వరం

బంగారం కొట్లలో ఊడ్చిన దుమ్మును పారెయ్యరు. కడిగి పాదరసం వేసి నూరితే రవ్వలన్నీ దానికంటుకుని ముద్దవుతాయి. ఆ ముద్దను మూసలో కాలిస్తే పాదరసం ఆవిరైపోతుంది, బంగారం మిగులుతుంది. 357 డిగ్రీలకు మరిగే లోహమే గానీ, నెల్లూరు ఎండకు ఊరికే కూడా ఆవిరి లేస్తుంది. రంగుండదు, వాసనుండదు. నేను పనిచేసే చోట యజమాని ఆ కాల్పు వెనకగదిలో తలుపులు మూసి చేయించాడు. పక్కగదిలో ఉన్న మాకు మాట మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రి చలిజ్వరం, నోట్లో లోహం రుచి. పడుకుంటే ఊపిరాడలేదు. గోడకానుకుని కూర్చున్నాను. నేను కాసేపు మాట్లాడకపోతే చాలు, మా ఆవిడ భయపడి కుదిపేది. పొద్దున చూసిన డాక్టరు, "వైరల్ ఫీవరయ్యా. మీ పనోళ్లకి దగ్గు మామూలేగా" అన్నాడు. ఆ పనిలో ఏం వాడతారో అడగనే లేదు. ఆ మాట మీద కోపం ఇప్పటికీ పోలేదు. చిగుళ్లు వాచి, వేళ్లు వణికి, పట్టకారు నిలవకుండా పోయాక చెన్నైలో ఒక పెద్ద డాక్టరు పనిలో ఏం వాడతామో అడిగారు. ఆయనకు చేతులెత్తి మొక్కుతాను.

మింగిన పాదరసం బొట్టు చాలావరకు అలాగే బయటికి పోతుంది. పీల్చిన ఆవిరి మాత్రం నూటికి ఎనభై పాళ్లు రక్తంలో కలుస్తుంది. దీనికి 24 గంటల మూత్రం పరీక్ష చేయించాలి. పొద్దున మొదటిసారిది వదిలేసి, మర్నాడు పొద్దుటిదాకా అంతా ల్యాబువాళ్లిచ్చిన డబ్బాలోనే పట్టాలి. డబ్బాను కొట్టు ఛాయలకు తీసుకుపోకూడదు. మామూలుగా లీటరుకు 20 మైక్రోగ్రాముల లోపు ఉంటుంది. రక్తపరీక్షకైతే ముందు చేపలు మానాలి, లేకపోతే చేపలోని పాదరసం కూడా లెక్కలోకొస్తుంది. నాకు ఒంట్లోని పాదరసాన్ని మూత్రంలోకి లాగే సక్సిమర్ గొట్టం మాత్రలిచ్చారు, కుళ్లిన గుడ్ల కంపు. డాక్టరు చూసుకుంటుండగానే వాడాలి, మధ్యమధ్య రక్తకణాలు, లివర్ పరీక్షలుంటాయి. అమ్మ స్వర్ణాల చెరువు రొట్టెల పండుగలో నా కోసం ఆరోగ్య రొట్టె పట్టింది. వచ్చే మొహర్రానికి మేం రొట్టె ఇవ్వాలి, ఇస్తాం.

చేప సంగతి ఊరందరిదీ. కృష్ణపట్నం కరెంటు కేంద్రంలో కాలే బొగ్గులోనూ పాదరసముంటుంది. అలాంటి థర్మల్ కేంద్రాల చిమ్నీలకు ఘనమీటరుకు 0.03 మిల్లీగ్రాముల హద్దు 2015 డిసెంబరులో పెట్టారు. గాల్లోకి పోయింది వానతో దిగి, బురదలో సూక్ష్మజీవుల వల్ల ఒంటికి తేలిగ్గా పట్టే మిథైల్ పాదరసమై, చిన్నచేప నుంచి పెద్దచేపకు పేరుకుంటూ పోతుంది. గర్భిణులకు సొర, పెద్ద వంజరం పెట్టకండి. నెత్తళ్లు, కవళ్లు పరవాలేదు.

కాల్చక తప్పకపోతే ఆవిరిని చల్లార్చి తిరిగి పట్టే మూతగిన్నె వాడండి, అదీ ఆరుబయట. కింద ఒలికితే చీపురు పెట్టొద్దు, బొట్లు ముక్కలై ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, అట్టముక్కతో ఒకచోటికి నెట్టి సీసాలో బిగించండి. కాలవలో పొయ్యొద్దు. డాక్టరు అడక్కపోయినా మీరే ముందు చెప్పండి: "పాదరసం దగ్గర పని చేశాను."