ఆకు వాలితే నీళ్లు ఆపండి

కంద బచ్చలి కూర ఇష్టంగా తినే చాలామందికి కంద పూస్తుందని తెలీదు. దుంప బాగా ఊరి, తవ్వకుండా వదిలేస్తే వేసవి చివర, ఆకు రాకముందే ఉత్త నేలలోంచి పువ్వు లేస్తుంది. ముదురు ఎరుపు రేకు, మధ్యలో ముడతలు పడ్డ పెద్ద గుబ్బ. కుళ్ళిన మాంసం వాసన. ఆ వాసనకే పురుగులూ ఈగలూ వచ్చి పుప్పొడి మోస్తాయి. ఒకే పువ్వులో ఆడ భాగం ముందు పండుతుంది, మగ భాగం తర్వాత. అందుకే ఒంటరి మొక్కకు కాయలు పట్టడం అరుదు.

కంద జాతి మొక్కలతో నీడ తోట పెంచాలనుకునే కొత్తవాళ్లు ఈ కూర కందతోనే మొదలుపెట్టడం మంచిది. దాని శాస్త్రీయ నామం అమోర్ఫోఫాలస్ పియోనిఫోలియస్. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం అంతగా దురద పెట్టదు, దుంపలు కూడా సులువుగా దొరుకుతాయి. తర్వాతది అమోర్ఫోఫాలస్ బల్బిఫర్: గులాబి రంగు పువ్వు, ఆకు ఈనెలు చీలే చోట చిన్న గడ్డలు. ఆ గడ్డలు నాటితే కొత్త మొక్కలే. మూడోది సారోమేటమ్ వెనోసమ్. దీని దుంప మట్టీ నీళ్లూ లేకుండా గూట్లో పెట్టినా పూస్తుంది. పూసిన రోజు మాత్రం ఇంట్లో ఉంచుకోకండి. కందలోనే మరో రకం కోంజాక్ మన మైదానాల ఎండకి తట్టుకోలేదు, అరకు వైపు అయితే కొంత నయం. పాము పడగలాంటి పువ్వు పూసే కంద చుట్టాలు, హిమాలయాల అరిసీమాల మీద డబ్బు పెట్టడం దండగ. చల్లటి శీతాకాలం లేనిదే అవి నిలవవు.

ఈ జాతి గురించి ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. వేర్లు దుంప అడుగు నుంచి రావు, పైన మొలక చుట్టూ వస్తాయి. కాబట్టి దుంపని పైపైన నాటితే వేర్లకి మట్టి చాలదు, ఆకు బరువెక్కగానే మొక్క ఒరిగిపోతుంది. కిలో దుంప మీద నాలుగు నుంచి ఆరు అంగుళాల మట్టి ఉండాలి. బల్బిఫర్ చిన్న గడ్డలకి ఒకటి రెండు అంగుళాలు చాలు. ఎరువు కూడా అడుగున కాదు, పై మట్టిలోనే కలపాలి. కిలో దుంపకి పదహారు అంగుళాల కుండీ తీసుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టు ఎక్కువ వేస్తే వానాకాలంలో తడి ఆరదు.

పెద్ద దుంపని కోసి నాటాలంటే ప్రతి ముక్కకీ నడిమి మొలక భాగం కొంతైనా రావాలి. ముక్కలు అర కిలోకి తగ్గకూడదు. కోసిన చోట చిక్కటి పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి, అప్పుడు నాటండి. పువ్వు కావాలంటే అసలు కోయకండి.

నీడ అన్నాం కదా అని చీకటి మూల పెట్టకూడదు. వెలుతురు చాలకపోతే కాడ సన్నగా సాగి మధ్యకి విరుగుతుంది. మామిడి చెట్టు అంచు నీడ, లేదా యాభై శాతం షేడ్ నెట్ కింద పొద్దుటి ఎండ తగిలే చోటు సరిపోతుంది. మధ్యాహ్నం ఎండ తగిలితే ఆకు అంచులు మాడతాయి. చిన్న దుంపకి ఏడాదికి ఒకే ఆకు. ఆ ఆకు పోతే ఆ ఏటి సంపాదనంతా పోయినట్టే. గాలి తగిలే చోట వెదురు కర్ర ఆసరా కట్టండి, కర్రని దుంపలోకి గుచ్చకుండా.

మొలక మీద కొత్త దుంప ఊరుతుంటే పాత దుంప కరిగి తొక్కగా మిగులుతుంది. అందుకే మధ్యలో తవ్వి చూడటం చేటు. ఆకు పసుపు తిరగడం మొదలవగానే, మన దగ్గర మామూలుగా నవంబరు, డిసెంబరులో, నీళ్లు తగ్గించి ఆకు వాలాక పూర్తిగా ఆపాలి. దుంపల్ని చంపేది ఎక్కువసార్లు ఇక్కడ పోసే నీళ్లే. "ఎండిపోతోందేమో" అని రోజూ ఒక చెంబు పోస్తారు, ఆకులేని దుంప ఆ నీళ్లు పీల్చలేదు, కుళ్ళుతుంది. కుండీలోనే ఉంచితే వాన పడని చోటికి జరపండి. తవ్వితే మట్టి దులిపి, కడగకుండా, పొడి ఇసుకలో నిల్వ చేయండి. నెలకోసారి తీసి చూడండి: మొలక దగ్గర తెల్లటి పిండి పురుగు చేరుతుంది, పాత టూత్‌బ్రష్‌తో వేపనూనె నీళ్లు పట్టించి తుడిస్తే పోతుంది. మెత్తబడ్డ చోటు ఉంటే గట్టి కండ తేలేవరకూ కోసేసి, బూడిద రాసి ఆరబెట్టండి.

వానాకాలంలో వచ్చే పెద్ద తెగులు కాడ మొదలు కుళ్ళు. నేలను ఆనుకున్న చోట తెల్లటి బూజు, దాని మీద ఆవగింజలంత గోధుమ రంగు గుండ్లు కనిపిస్తే అదే. దెబ్బ తగిలిన కాడా, కాడ మొదలు చుట్టూ కప్పిన పచ్చి ఆకూ, నిలిచిన నీరూ దానికి అనువు. ఆ కప్పిన ఆకుని కాడకి జానెడు దూరం జరపండి, ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మేలు బూజు) కలిపిన ఎరువు ముందే వేయండి. కాడ కూలాక చేసేదేమీ లేదు, ఆ మట్టి తీసి పారేయడం తప్ప.

మే నెలలో మొలక లావుగా, పొట్టిగా లేస్తే పువ్వు. సన్నగా, మొనదేలి ఉంటే ఆకు. పువ్వు మొలక కనిపిస్తే కొద్దిగానే తడపండి. పువ్వు వాడాక దుంప బరువు తగ్గి ఉంటుంది, వెనకే ఆకు వస్తుంది కాబట్టి అప్పుడు పై మట్టిలో రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ కలిపి, వానలు లేకపోతే నీళ్లు పెంచండి.

దుంపలు కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. దురద సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల వస్తుంది. కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి. అడవి కందని కూరలో వేసే ప్రయత్నం చేయకండి.