అప్ అంటే పైకేనా?

నిన్న సాయంత్రం ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద మా మేనకోడలు అడిగింది: "మావయ్యా, అప్ అంటే పైకి కదా, మరి గివ్ అప్ అంటే వదిలేయడం ఎలా అయింది?" పెన్సిల్ కొన కొరుకుతూ నావైపే చూస్తోంది.

ఈట్ అప్ అంటే కంచంలో మెతుకు మిగలకుండా తినేయడం. అక్కడ అప్ పైకి చూపించదు, పని పూర్తయిందని చెబుతుంది, మన 'తినేయ్'లో 'ఏయ్' లాగా. అలా చెప్పగానే దాని ముఖం వెలిగిపోయింది. "అయితే డ్రింక్ అప్ అంటే తాగేయ్! వదిలేయ్‌లోనూ ఏయ్ ఉంది మావయ్యా!"

అది నాకు తట్టనే లేదు.

ఎదురుగా అప్ లైన్‌లో గూడ్సు బండి వెళ్తోంది. రైళ్లు వెళ్లే ఒక దిశకు పేరైన ఆ అప్‌లోనూ ఎత్తు లేదు. రాత్రంతా ఇంకెన్ని ఉన్నాయో వెతుకుతూ కూర్చున్నాను.