క్రిమ్సన్ కింగ్ ఏ ఎడిషన్ కొనాలి? ముందు టేపు అడగండి, తర్వాత ఏడాది

బ్రిటిష్ రాక్ బృందం కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’ 1969 అక్టోబరు 10న ఐలండ్ రికార్డ్స్ నుంచి వచ్చింది. అప్పటినుంచి ఎన్ని రూపాల్లో మళ్లీ మళ్లీ వచ్చిందో లెక్క తేలదు. అట్ట మీద బ్యారీ గాడ్బర్ గీసిన అదే అరుపు ముఖం, లోపల అవే ఐదు పాటలు. వినిపించేది మాత్రం ఒక్కో ఎడిషన్‌లో ఒక్కో రకం. స్టిక్కర్ మీద ‘24 బిట్’ అనో ‘వార్షికోత్సవ ముద్రణ’ అనో ఉంటే అదే మంచిదనుకుని డబ్బు పెట్టేవాళ్లు ఎక్కువ. నా దృష్టిలో అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ఆ డిస్కు ఏ టేపు నుంచి తయారైంది? దీనికి జవాబు తెలిస్తే సగం ఎడిషన్లు పక్కకు పెట్టేయొచ్చు.

టేపు కథ తెలియాలి. లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో ఎనిమిది ట్రాకుల మీద రికార్డు చేసి, దాన్ని రెండు ఛానెళ్ల స్టీరియో టేపుగా మిక్స్ చేశారు. ఆ మిక్సింగ్‌కు వాడిన టేపు యంత్రంలో రికార్డింగ్ హెడ్ల అమరిక (అలైన్‌మెంట్) సరిగా లేదు. దాంతో పై స్వరాలు కొంత మొద్దుబారాయి, అక్కడక్కడ అక్కర్లేని గరగర చేరింది. ‘ట్వంటీ ఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్’లో ఇది బాగా తెలుస్తుంది. అమెరికాలో అట్లాంటిక్ కంపెనీ విడుదలకు ఈ లోపాన్ని సవరించాలని అసలు టేపు నుంచి ఒక నకలు తీశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎల్పీలకూ సీడీలకూ ఆ నకలే ఆధారమైంది. అసలు టేపు ఎక్కడో బీరువాలో పడిపోయింది, పోయిందనే అందరూ అనుకున్నారు. 2002లో ఒక స్టోర్‌రూములో దొరికింది.

తిరుమల సంకీర్తన భాండాగారంలో అన్నమయ్య రాగిరేకులు వందల ఏళ్లు మూతపడి ఉండి బయటపడ్డాక, పాఠం మీద అనుమానం వచ్చినప్పుడు ‘రేకు చూడండి’ అనే వీలు మనకు కలిగింది. ఈ ఆల్బమ్‌కు 2002లో దొరికిన టేపు అలాంటిది.

నకలు తీస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఒకే నాణ్యత గల యంత్రం మీద ఒకే లెవెల్లో కాపీ చేసినా, పాత టేపు హిస్సుకు (వెనక సన్నగా సుయ్యిమనే చప్పుడుకు) కొత్త టేపు హిస్సు కలిసి సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. పై ఫ్రీక్వెన్సీలు ఇంకాస్త అరుగుతాయి, తాళాల మీద కర్ర తగిలే చురుకుదనం మెత్తబడుతుంది. నాయిస్ రిడక్షన్ లేని అనలాగ్ టేపులో మెత్తటి శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య దొరికే జాగా సుమారు 60 నుంచి 70 డెసిబెల్స్. మామూలు 16 బిట్ సీడీ 96 డెసిబెల్స్ దాకా పట్టుకోగలదు. అంటే నకలు టేపును 24 బిట్లలో ఎక్కించినా మీకు అందేది ఆ నకలే, దాని హిస్సు మాత్రం ఎంతో వివరంగా రికార్డవుతుంది.

ఇప్పుడు ఎడిషన్లు. 1980ల నాటి తొలి సీడీలు నకలు టేపుల నుంచి వచ్చినవి, వాటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1989లో బృందం గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్, ఇంజనీర్ టోనీ ఆర్నాల్డ్ కలిసి చేసిన ‘డెఫినిటివ్ ఎడిషన్’ ఆ కాలానికి శ్రద్ధగా చేసిన పనే. కానీ చేతిలో ఉన్న టేపు అదే కాబట్టి దాటలేని గోడ ఒకటి ఉంది. నా చెవికి అందులో పై స్వరాలు కాస్త పలుచగా, తెల్లగా వినిపిస్తాయి.

1999లో వచ్చిన 30వ వార్షికోత్సవ సీడీ దగ్గర జాగ్రత్త అవసరం. అది హెచ్‌డీసీడీ, అంటే మామూలు సీడీలోనే అదనపు వివరాన్ని సంకేతాలుగా దాచే పద్ధతి. ఆ పద్ధతిలో డీకోడర్‌కు కావాల్సిన సంకేతాలు 16 బిట్లలో అన్నిటికన్నా చివరి బిట్‌లో దాగి ఉంటాయి. రిప్ చేశాక (సీడీని కంప్యూటర్‌లోకి ఫైలుగా ఎక్కించాక) వాల్యూమ్ మార్చినా, ఈక్వలైజర్ పెట్టినా, ఎంపీ3గా మార్చినా ఆ బిట్ చెడిపోతుంది, ఇక డీకోడ్ కాదు. అందుకే ముందు ముట్టుకోకుండా ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫైలుగా) రిప్ చేయాలి. తర్వాత ఫూబార్2000 అనే ప్లేయర్‌లో హెచ్‌డీసీడీ కాంపొనెంట్ గానీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లోని హెచ్‌డీసీడీ ఫిల్టర్ గానీ వాడి విప్పాలి. ఆ తర్వాతే లెవెల్ సరిచేయాలి. డీకోడ్ చేయకుండా విని ఈ డిస్కును తిట్టడం న్యాయం కాదు. చేశాక కూడా మూలం నకలే అన్నది వేరే మాట.

2004 ముద్రణ అసలు మలుపు. దొరికిన మొదటి తరం టేపును సైమన్ హేవర్త్, ఫ్రిప్, డేవిడ్ సింగిల్టన్ రీమాస్టర్ చేశారు. 1969లో వాళ్లు మిక్స్ చేసి ఒప్పుకున్న రూపం ఇంతకంటే దగ్గరగా సీడీ మీదకు రాలేదు. ‘ఎపిటాఫ్’లో మెలోట్రాన్ (టేపుల మీది స్వరాలను పలికించే కీబోర్డు) తీగల స్వరం వెనక టింపనీ అనే పెద్ద డోలు మోగినప్పుడు అది గదిలో ఎక్కడ ఉందో తెలుస్తుంది. పాత సీడీల్లో ఆ రెండూ ఒకే ముద్దగా వచ్చేవి. యంత్రం లోపం వల్ల చేరిన గరగర మాత్రం ఇందులోనూ పూర్తిగా పోదు, ఎందుకంటే అది ఆ టేపులోనే పడిపోయింది.

2009లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసింది రీమాస్టర్ కాదు, రీమిక్స్. ఈ తేడా తెలియక కొన్నవాళ్లే తర్వాత నిరాశపడతారు. రీమాస్టర్ అంటే పూర్తయిన రెండు ఛానెళ్ల టేపు తీసుకుని దాని ధ్వనిని, లెవెల్‌ను సరిచేయడం. అందులో డ్రమ్స్ ఒక్కటే పెంచాలంటే కుదరదు. రీమిక్స్ అంటే ఎనిమిది ట్రాకుల దగ్గరికే వెనక్కి వెళ్లి, ప్రతి వాయిద్యాన్నీ మళ్లీ అమర్చడం. 1969లో ఎనిమిది ట్రాకులు చాలక, నిండిన ట్రాకులను కుదించి ఇంకో టేపు మీదకు దించి, దాని మీద మళ్లీ మెలోట్రాన్‌లు, ఊదే వాయిద్యాలు పేర్చారు. అలా దించిన ప్రతిసారీ ఒక తరం నాణ్యత పోయింది. విల్సన్ ఆ దించకముందటి టేపులనే కంప్యూటర్‌లో ఒకదానికొకటి జతపరిచి మిక్స్ చేశాడు. అందుకే మైకేల్ గైల్స్ డ్రమ్స్‌లో ఒక్కో తాళం విడిగా, గ్రెగ్ లేక్ బేస్ గీత గీసినట్టు వినిపిస్తాయి. మెలోట్రాన్ గోడలా మీద పడే ఆ పాత బరువు మాత్రం కొంచెం తగ్గింది. మొదటిసారి వినేవాళ్లకు ఇది పట్టదు, పాత ఎల్పీ చెవిలో ఉన్నవాళ్లు వెంటనే పట్టేస్తారు.

ఇంకో మార్పు ఉంది. ‘మూన్‌చైల్డ్’ అసలు నిడివి పన్నెండు నిమిషాల పైన. 2009 రీమిక్స్‌లో దాని వెనక భాగంలోని ఇంప్రొవైజేషన్‌ను దాదాపు మూడు నిమిషాలు కత్తిరించారు. పూర్తి రూపాన్ని విడిగా బోనస్‌గా ఇచ్చారు. ఆన్‌లైన్‌లో ఏ వెర్షన్ వింటున్నారో తెలియకపోతే ఇదే సులువైన గుర్తు. ఆల్బమ్ వరుసలో నాలుగో పాట తొమ్మిది నిమిషాల దగ్గర ముగిస్తే మీరు వింటున్నది రీమిక్స్, 1969 మిక్స్ కాదు. 2019లో 50వ వార్షికోత్సవానికి విల్సన్ మరోసారి కొత్త స్టీరియో, 5.1 (ఆరు ఛానెళ్ల సరౌండ్) మిక్స్‌లు చేశాడు. సరౌండ్ సిస్టమ్ ఉన్నవాళ్లకు అది విలువైనదే.

ఇక ఇంట్లో పోల్చి చూడడం. రెండు డిస్కులు ఒకదాని వెంట ఒకటి పెట్టి ‘ఇది బాగుంది’ అంటే అందులో నూటికి తొంభై పాళ్లు గెలిచేది గట్టిగా మోగేదే. అర డెసిబెల్ తేడా ఉన్నా గట్టిగా ఉన్నదే ‘స్పష్టంగా’ అనిపిస్తుంది. కాబట్టి లెవెల్ సమం చేయకుండా పోలిక మొదలుపెట్టొద్దు. ఈఏసీ అనే రిప్పింగ్ ప్రోగ్రామ్‌లో సెక్యూర్ మోడ్ పెట్టి రిప్ చేసి, ఇతరుల రిప్‌లతో పోల్చే అక్యురేట్‌రిప్‌తో సరిచూసుకోండి. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో రెండు వెర్షన్లలోనూ సరిగ్గా ఒకే 30 సెకన్ల ముక్క కోసి, సగటు లెవెల్ చూపే ‘మెజర్ ఆర్ఎంఎస్’తో కొలిచి, తేడా 0.1 డెసిబెల్‌కు తగ్గేలా చేయండి. ఎప్పుడూ గట్టిగా ఉన్నదాన్ని తగ్గించాలి. మెత్తగా ఉన్నదాన్ని పెంచితే శిఖరాలు తెగి గరగరమంటుంది, ఆ నింద అన్యాయంగా ఆ డిస్కు మీద పడుతుంది. కోసిన ముక్కలను 24 బిట్‌లో సేవ్ చేసుకోండి.

పాట మొత్తం పక్కపక్కన పెట్టి పోలిస్తే మధ్యలో జారిపోతాయి. ఒక్కో టేపు ట్రాన్స్‌ఫర్ వేగం ఒక పిసరు తేడాగా ఉంటుంది, ఏడెనిమిది నిమిషాల పాటలో అది స్పష్టంగా బయటపడుతుంది. ఒకదాని ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి ఇంకోదానితో కలిపి మిగిలింది వినే పద్ధతి కూడా ఈ కారణంగానే ఇక్కడ పనిచేయదు. అది ఒకే డిజిటల్ ట్రాన్స్‌ఫర్ నుంచి వచ్చిన రెండు ఫైళ్లకే సరి.

ఆ తర్వాత ఫూబార్2000లో ఏబీఎక్స్ పరీక్ష: ఏ వెర్షన్ మోగుతోందో చెప్పకుండా వినిపిస్తే గుర్తుపట్టాలి. పదహారు సార్లలో పన్నెండు సరిగ్గా చెబితే, అది గుడ్డిగా కలిసివచ్చే అవకాశం వందకు నాలుగు లోపే. పదకొండు దగ్గర ఆగితే తేడా ఉందని గట్టిగా చెప్పొద్దు. మెత్తటి, గట్టి శబ్దాల మధ్య తేడాను కొలిచే డైనమిక్ రేంజ్ మీటర్ అంకెల మీద కూడా పూర్తిగా ఆధారపడొద్దు. ఎల్పీ నుంచి రికార్డు చేసిన ఫైలు అదే మాస్టర్ సీడీ కంటే ఎక్కువ అంకె చూపిస్తుంది. పికప్, ఫేజ్ మార్పుల వల్ల శిఖరాల ఆకారం మారడమే దానికి కారణం, సంగీతంలో కొత్తగా చేరింది ఏమీ లేదు. 80ల తొలి సీడీలు ఏవైనా పోలికలో ఉంటే ప్రీ ఎంఫసిస్ (పై స్వరాలను పెంచి రికార్డు చేసే పద్ధతి) ఉందేమో చూడండి. దాన్ని తీయకుండా వింటే పై స్వరాలు చెవిని గీరతాయి. సాక్స్ ప్రోగ్రామ్‌లో ‘డీఎంఫ్’ అనే ఎఫెక్ట్ ఆ పని చేస్తుంది.

మన ఊళ్లో గదే పెద్ద సమస్య. వేసవిలో తిరుపతిలో ఫ్యాన్ ఆపి పగలు కూర్చోవడం జరిగే పని కాదు. ఫ్యాన్ తిరుగుతుంటే టేపు హిస్సు, ‘మూన్‌చైల్డ్’ వెనక భాగంలోని మెత్తటి వైబ్రాఫోన్ చప్పుళ్లు అందులో కలిసిపోతాయి. ఈ ఎడిషన్లు విడిపోయేది సరిగ్గా అక్కడే కాబట్టి పోలిక రాత్రి పదకొండు దాటాకే చేయాలి. అలిపిరి వైపు బస్సుల చప్పుడు, రేణిగుంట రోడ్డు లారీల హారన్లు అప్పటికి కొంత తగ్గుతాయి. స్లాబ్ ఇల్లు, టైల్స్ నేల, ఖాళీ గోడలు అయితే మధ్యలో నిలబడి ఒక చప్పట కొట్టండి. గణగణమని మోత వెంట వస్తే ఆ గదిలో స్పీకర్లతో తీర్పు చెప్పడం వృథా. పరుపు ఒకటి గోడకు ఆనించి పెడితే కొంత నయం, లేదంటే చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ తీసుకోండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే, అది స్క్వేర్ వేవ్ రకమైతే యాంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్ జుయ్యిమంటుంది. ఆ సమయంలో విన్న హిస్సు డిస్కుది కాదు.

వినాల్సిన చోట్లు ఇవి. ‘స్కిజాయిడ్ మ్యాన్’ మొదట్లో గాలి ఊదినట్టుండే మెల్లటి చప్పుడు దగ్గర వాల్యూమ్ పెంచొద్దు, వెంటనే వచ్చే రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే వాయిద్యాల ముక్క) చెవుల్లో పేలుతుంది. రిఫ్ దగ్గరే వాల్యూమ్ పెట్టుకోండి. గాయకుడు లేక్ గొంతులోని గరుకుదనం కావాలని చేసింది, దాన్ని లోపం కింద లెక్కపెట్టకూడదు. అలైన్‌మెంట్ లోపం వెతకాలంటే గొంతు లేని చోట, సాక్సఫోన్, గిటార్ కలిసి గట్టిగా వచ్చే చోట చూడండి. నాలుగున్నర నిమిషాలు దాటాక అందరూ కలిసి ఆగి, మళ్లీ ఒక్కసారిగా మొదలయ్యే భాగం వస్తుంది. ఆ ఆగిన సందుల్లో నిశ్శబ్దం ఎంత శుభ్రంగా ఉందో చూస్తే టేపు తరం తెలిసిపోతుంది. ‘ఐ టాక్ టు ద విండ్’లో ఇయాన్ మెక్‌డోనల్డ్ ఫ్లూట్ ఊపిరి వినండి. ‘ఎపిటాఫ్’లో మెలోట్రాన్ స్వరం కొంచెం వణికితే కంగారు పడొద్దు. ఆ వాయిద్యంలో ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది, మీట నొక్కితే అది సుమారు 8 సెకన్లు ఆడుతుంది. ఆ వణుకు, కాస్త హిస్సు దాని స్వభావం. దాన్ని కూడా తుడిచేసిన ముద్రణ ఏదైనా ఉంటే అది అతిగా శుభ్రం చేసిందని అర్థం.

ఒక్కటే కొనాలంటే నా ఓటు 2009 నాటి 40వ వార్షికోత్సవ రెండు సీడీల సెట్‌కు. ఒక డిస్కులో విల్సన్ రీమిక్స్, ఇంకో డిస్కులో 2004 మాస్టర్. పైన చెప్పిన పోలిక మొత్తం ఈ రెండింటి మధ్యే చేసుకోవచ్చు. సీడీతో డీవీడీ ఉన్న సెట్ తీసుకుంటే దాంట్లో 5.1 కూడా వస్తుంది. రెండు స్పీకర్లే ఉన్నప్పుడు ప్లేయర్ 5.1ని స్టీరియోగా కుదించి వినిపిస్తుంటే దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు. వెనక ఛానెళ్లలో ఉండాల్సినవి ముందుకు వచ్చి పడి గొంతు మరుగున పడుతుంది. ఆడియో మెనూలోకి వెళ్లి స్టీరియో ట్రాక్‌ను విడిగా ఎంచుకుని వినండి.